కాటుక రేకుల పొడ: విశాఖ నుంచి శివ్‌పూర్ దాకా ఏడు రోజులు

మొదటి రోజు, విశాఖపట్నం

ఫిబ్రవరి చివరి వారంలో ఒక సాయంత్రం విశాఖపట్నంలో రైలు దిగేటప్పటికి నా సంచిలో బట్టల కంటే కాగితాల బరువే ఎక్కువగా ఉంది. పాట్రిక్ రస్సెల్ పాముల పుస్తకం నుంచి పన్నెండు, ఆయనదే చేపల పుస్తకం నుంచి ముప్ఫై, విలియం రాక్స్‌బరో మొక్కల పుస్తకం ‘కోరమండల్ తీరపు మొక్కలు’ నుంచి నలభై చిత్రాలను అంతర్జాలంలోని ప్రతుల నుంచి తీసి, మా వీధి చివర ఉన్న జిరాక్సు దుకాణంలో రంగుల్లో ముద్రింపించి తెచ్చుకున్నాను. ఈ మూడూ లండన్‌లో అచ్చయిన పుస్తకాలే, అచ్చు వేయించినది ఈస్టిండియా కంపెనీయే, అయినా మూడింటిలోనూ బొమ్మ పక్కన తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. ఆ పేర్లు ఇప్పటికీ వాటి ఊళ్ళలో పలుకుతున్నాయా లేదా చూడాలన్నది ఈ ప్రయాణానికి నేను పెట్టుకున్న పని.

రస్సెల్ ఎడిన్‌బరోలో పుట్టిన వైద్యుడు. ఇక్కడికి రాక ముందు సిరియాలోని అలెప్పోలో చాలా కాలం వైద్యం చేశాడు, ఆ అనుభవంతో ప్లేగు వ్యాధి గురించి పెద్ద గ్రంథం రాశాడు. తమ్ముడు కంపెనీ అధికారిగా విశాఖలో ఉద్యోగానికి వస్తే 1780ల మొదట్లో అతనికి తోడుగా వచ్చి, 1785లో కంపెనీ నియమించగా ఇక్కడి ప్రకృతి శాస్త్రజ్ఞుడై, 1789లో తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన పాముల పుస్తకం మొదటి సంపుటం 1796లో వెలువడింది. పాటకజనం ఏ పాము కరిస్తే చావు, ఏది కరిస్తే భయమే తప్ప ప్రమాదం లేదు అన్నది తేల్చుకోలేక అల్లాడుతున్నారని గమనించి, విషప్పాములను గుర్తుపట్టే మార్గం వెతకడమే తన పనిగా పెట్టుకున్నాడు. కోరలు పరీక్షించాడు, కోళ్ళ మీద, కుక్కల మీద విషాన్ని ప్రయోగించి చూశాడు, తంజావూరు మాత్ర అన్న పేరుతో ఆ రోజుల్లో ప్రసిద్ధికెక్కిన పాము మందును కూడా పరీక్షకు పెట్టాడు. ఆ కోళ్ళ, కుక్కల ప్రయోగాల పేజీలు ఇప్పుడు చదవడం కష్టంగానే ఉంటుంది.

రాత్రి బసలో మంచం మీద ఆ పన్నెండు బొమ్మలు పరిచి కూర్చున్నాను. ఏడో చిత్రం దగ్గర ఆగిపోయాను. మనం రక్తపింజరి అనే పాము అది. శాస్త్రజ్ఞులు 1797లో రస్సెల్ పేరే దానికి పెట్టారు. రస్సెల్ మాత్రం తన పుస్తకంలో దాన్ని తాను విన్న తెలుగు పేరుతోనే పిలిచాడు: కటుక రేకుల పొడ. ఇంగ్లీషు అక్షరాల్లోంచి మన అక్షరాల్లోకి తెచ్చుకుంటే కాటుక రేకుల పొడ అవుతుందని నేను చదువుకున్నాను. పొడ అంటే మచ్చ. ఆ పాము వీపు మీద వరసగా ఉండే కోలమచ్చల అంచును బొమ్మలో చూస్తే, కంటికి కాటుక దిద్దినట్టు నల్లటి గీత, దాని చుట్టూ సన్నగా తెల్లటి గీత కనిపిస్తాయి. ఒక పామును చూసి కాటుక గుర్తు తెచ్చుకున్న ఆ మనిషి ఎవరో గాని, నాకు తెలిసిన ఏ కావ్యంలోని ఉపమానానికీ ఈ పేరు తీసిపోదు.

మరో చిత్రం కింద బంగారు పాము అని ఉంది. పసుపు, నలుపు పట్టీలున్న ఈ పాము పేరు మీదనే దోదాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1803లో బంగారస్ అనే ప్రజాతిని, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపును ఏర్పరిచాడు. మన పల్లెల్లో ఎందరి ప్రాణాలో తీసిన కట్లపాము కూడా ఆ ప్రజాతిలోదే కావడం చేత, ఒంటి మీద పిసరంత పసుపైనా లేని ఆ నల్లటి పాము ప్రపంచమంతటా మన బంగారం పేరుతో చలామణి అవుతున్నది.

రెండో రోజు, చేపల రేవు

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆటో మాట్లాడుకుని ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాను. బోట్లు వరసగా ఒడ్డుకు చేరుతున్నాయి, ఐసు గడ్డలు మరలో పడి పిండి అవుతున్న చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడడం లేదు, వేలంపాట పాడేవాళ్ళ గొంతులు మాత్రం ఆ చప్పుడును కూడా దాటి వస్తున్నాయి. రస్సెల్ చేపల పుస్తకం 1803లో రెండు సంపుటాలుగా వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు అందులో ఉన్నాయి. పాముల పుస్తకానికి రంగులు పూసిన బొమ్మలుంటే, దీనికి రంగుల్లేని నల్లగీతల చెక్కడాలే ఉన్నాయి. నాకు మాత్రం ఈ రంగుల్లేని చేపలే ఎక్కువ నచ్చుతాయి. పొలుసు పొలుసుకూ గీత మందం మార్చి, చేప ఒంటి వంపును తెల్లకాగితం మీద నిలబెట్టిన తీరు ఆశ్చర్యం గొలుపుతుంది.

గంపల పక్కన కూర్చున్న ఒకామెకు నా కాగితాలు చూపించాను. ఆవిడకు అరవై ఏళ్ళుంటాయి. అనుమానంగా చూసి, "ఏటి బాబూ, గవర్మెంటోళ్ళా?" అని అడిగింది. కాదమ్మా, పాత పుస్తకంలో బొమ్మలు, పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని అడగడానికి వచ్చాను అన్నాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని మొదటి కాగితం అందుకుంది.

నేను బొమ్మ కిందనున్న పేరును చేత్తో మూసి ఉంచాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "కోనాం" అంది. చెయ్యి తీస్తే అక్కడ కోనాం అనే ఉంది. దాని జంట చేప వంజరాన్ని రస్సెల్ వింగెరం అని రాసుకున్నాడు. తర్వాత నల్ల చందువ, తెల్ల చందువ. ఆ తర్వాత కాగితం మీదున్నది ఆవిడ గంపలోనూ ఉంది. "ఇయ్యి కానాగడతలు కాదేటి, ఈ బొమ్మకి ఈపు మీద చుక్కలు సరిగ్గానే ఎట్టేరు" అని మెచ్చుకుంది. రస్సెల్ దాన్ని కనగుర్త అని రాశాడు, ఫ్రాన్సులో జార్జ్ కువియే అనే జంతుశాస్త్రజ్ఞుడు రస్సెల్ బొమ్మను ఆధారం చేసుకుని 1816లో ఆ మాటనే లాటిన్ పేరులో చేర్చాడు. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి ఇండోనేషియా దాకా దొరికే ఆ చేప శాస్త్రీయ నామంలో ఇప్పటికీ కనగుర్త అన్న మాటే ఉంది. ఈ సంగతి చెప్తే ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. మరి దాని పేరు అదేగదా అన్నట్టు చూసింది.

అన్నిటికంటే నాకు నచ్చినది పుస్తకంలోని మొట్టమొదటి బొమ్మ. గుండ్రని చాట లాంటి ఒళ్ళు, పొట్టి తోక. రస్సెల్ దానికి రాసుకున్న పేరు తెమెరీ. ఆ పేరును ఎన్నిసార్లు పలికినా నాకు అర్థం కాలేదు. బొమ్మ చూడగానే ఆవిడ పక్కామెను పిలిచి చూపించి నవ్వింది. "తిమిరి. ముట్టుకుంటే సెయ్యి తిమ్మిరెక్కిపోద్ది" అంది. ఒంట్లోంచి విద్యుత్తు పుట్టించి ఎదుటి ప్రాణిని మొద్దుబార్చే చేప అది. వలలోంచి దాన్ని తీస్తూ చెయ్యి జివ్వుమన్న జాలరి పెట్టిన పేరును లండన్ అచ్చుకూటం ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చి, రెండు వందల ఇరవై ఏళ్ళకు ఈ రేవులో నా చేతికి తిరిగి ఇచ్చింది.

పులస బొమ్మ దగ్గర మాత్రం ఆవిడ పెదవి విరిచింది. రస్సెల్ రాసుకున్నది పలస. "అది గోదారోళ్ళ చేప, దాని కాలం ఇది కాదు" అని కాగితాన్ని పక్కన పెట్టేసింది. పక్కన పెట్టిన చోటు ఐసు నీళ్ళున్న తట్ట అంచు కావడంతో ఆ కాగితమూ, దాని కిందున్న నాలుగు పాముల కాగితాలూ తడిసి ముద్దయ్యాయి. కాటుక రేకుల పొడ కాటుక అంతా కరిగి నీళ్ళలో కలిసిపోయింది. తప్పు నాది; ఆవిడ పాపం చాలాసేపు నొచ్చుకుని, చివరికి నాలుగు కానాగడతలు ఊరికే ఇస్తానంది. బసలో వండుకునే వీలు లేదని చెప్పి తప్పించుకోవలసి వచ్చింది.

మూడో రోజు, సామర్లకోట

పొద్దున్న రైల్లో సామర్లకోట చేరాను. ఇక్కడికి భక్తులు కుమారారామ భీమేశ్వరుడి కోసం వస్తారు, నేను రాక్స్‌బరో తోట కోసం వచ్చాను. స్కాట్లండులో 1751లో పుట్టిన రాక్స్‌బరో, 1776లో మద్రాసులో కంపెనీ సహాయ వైద్యుడిగా చేరి, 1781లో సామర్లకోట సైనిక స్థావరానికి వైద్యుడిగా బదిలీ అయి, 1793 దాకా ఈ ప్రాంతంలోనే గడిపాడు. రాజమండ్రి కొండల్లో అడవి మిరియపు తీగలు కనిపించడంతో కంపెనీకి ఆశ పుట్టించి ఇక్కడ మిరియాల తోట వేశాడు. కాఫీ, దాల్చిన, నీలిమందు, చెరకు, సీమపనస వంటివి పెంచి చూశాడు. మద్రాసులో ఉన్నప్పటి నుంచీ రోజుకు మూడుసార్లు ఉష్ణమాపకాన్ని, వాయుభారమాపకాన్ని చూసి లెక్కలు రాసుకునే అలవాటు అతనికి ఉంది. 1790 ప్రాంతంలో వానలు వరసగా ముఖం చాటేసి ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చినప్పుడు అంతా కళ్ళారా చూసి, బాటల వెంటా కాలవగట్ల మీదా కొబ్బరి, తాటి, ఈత, అరటి, పనస నాటించితే వరి పోయిన ఏడు జనం ప్రాణాలు నిలుస్తాయని కంపెనీకి రాశాడు. ఒక అధికారి రాసిన ఉత్తరంగా చూస్తే ఇది మంచి మాటే, అయితే ఆ కరువులో శిస్తు వసూలు చేస్తున్నదీ అదే కంపెనీ అన్న సంగతి మరిచిపోకూడదు.

ఊళ్ళో తోట ఆనవాళ్ళు నాకు కనిపించలేదు. గుడి దగ్గర పూజారిగారిని, కాలవగట్టున టీ కొట్టాయనను, రైల్వే నుంచి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దాయనను అడిగాను. ఆ పెద్దాయన "తోటంటే పంచదార మిల్లు వెనకాలదా?" అని ఎంతో ఓపికగా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి ఒక మామిడి తోట చూపించారు. అది ఆ తోట కాదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

పెద్దాపురం వైపు వెళ్ళే దారిలో మాత్రం నా అలసట తీరింది. ఒక మోదుగ చెట్టు ఆకంతా రాల్చి పూల మీదుంది. నా దగ్గరున్న 21వ చిత్రం తీసి చెట్టు కింద నిలబడి పోల్చుకున్నాను. చిలక ముక్కులా వంగిన రేకు, నల్లగా మఖమల్‌లా ఉండే తొడిమ రెండూ సరిపోయాయి. అయితే ఒక తేడా ఉంది. చెట్టు మీద పూలున్నప్పుడు ఆకు ఉండదు. చిత్రంలో పూల గుత్తి పక్కనే ముదిరిన ఆకు కూడా ఉంది. అది పొరపాటు కాదు, శాస్త్ర చిత్రాల పద్ధతి. వేర్వేరు నెలల్లో చూసిన ఆకునూ పూవునూ కాయనూ ఒకే కాగితం మీదకు తెచ్చి, అడుగున పూవును విప్పి రేకులనూ కేసరాలనూ విడివిడిగా గీస్తారు. అంటే చిత్రకారుడు ఆ చెట్టు దగ్గరికి ఏడాది పొడుగునా తిరుగుతూ ఉండాలి. సామర్లకోటలో రాక్స్‌బరో జీతమిచ్చి పెట్టుకున్న స్థానిక చిత్రకారులు చేసినది అదే.

ఆ కొమ్మ కింద కూర్చుని మిగిలిన పేర్లు ఒకసారి చదువుకున్నాను. ముష్టి, చిల్ల, ఇప్ప, తునికి, బిల్లు. వీటి కింద ఇంగ్లీషులో "తెలింగాల పేరు" అని ఒక్కొక్కచోటా రాసి ఉంటుంది. కొన్ని ఆ మాట దగ్గర ఆగకుండా శాస్త్రీయ నామాల్లోకే వెళ్ళిపోయాయి. చేవ గల సండ్ర చెట్టుకు రాక్స్‌బరో పెట్టిన లాటిన్ పేరులో సండ్ర ఉంది. చలిజ్వరానికి దాని బెరడు పనికివస్తుందని అతను వాదించిన సోమిద చెట్టుకు తర్వాతి వాళ్ళు సోయ్‌మిద అనే ప్రజాతినే కట్టారు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగని జాలారి జాతి చెట్టుకు తంబుగాయ అనే పేరు అతను పెట్టినదే.

నాలుగో రోజు, కాకినాడ, ఉప్పాడ, ఇంజరం

కాకినాడ జగన్నాథపురం వంతెన మీద నిలబడి కాలవలో పడవలు చూస్తూ కొంతసేపు గడిపాను. ఇది ఒకప్పుడు డచ్చివాళ్ళ స్థావరం. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దగ్గర చదువుకుని, తరంగంబాడి డేనిష్ మిషన్ వైద్యుడిగా 1768లో వచ్చి, ఆర్కాటు నవాబు దగ్గరా తర్వాత కంపెనీలోనూ పనిచేసిన యోహాన్ కోనిగ్ 1785లో ఇక్కడే రక్తవిరేచనాలతో చనిపోయాడు. చివరి రోజుల్లో అతనికి వైద్యం చేసినది రాక్స్‌బరో. కంపెనీలో కోనిగ్ చేసిన ప్రకృతి శాస్త్రజ్ఞుడి ఉద్యోగం మొదట రస్సెల్‌కు, ఆ తర్వాత రాక్స్‌బరోకు వెళ్ళింది. మూడు పేర్లూ ఈ కాలవగట్టు మీద ఒక ముడిలో పడ్డాయి.

కాకినాడ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే నా స్నేహితురాలు మధ్యాహ్నం తన స్కూటరు మీద ఉప్పాడ తీసుకువెళ్ళింది. మా వేట చిరివేరు కోసం. రాక్స్‌బరో మొదటి సంపుటంలో మూడో చిత్రం అది. మచిలీపట్నం కలంకారీ ఎరుపుకు ప్రాణం పోసిన వేరు ఇదేనని, అందుకే దీని రంగు అద్దకం పద్ధతిని అతను పుస్తకంలో మిగతా మొక్కల కంటే వివరంగా రాశాడని ఆమె చెప్పింది. సముద్రం కోసేసిన ఒడ్డు వదిలి లోపలి ఇసుక దిబ్బల మీద గంటన్నర వంగి నడిచాము. చివరికి ఆమె ఒక్కసారిగా కూర్చుని "ఇదిగో" అంది. జానెడు కూడా లేదు. సన్నని ఆకులు, గుండుసూది తలంత తెల్లపూలు. నేను ఒంటరిగా వస్తే తొక్కుకుంటూ వెళ్ళిపోయేవాడిని.

ఒక్క మొక్కను మాత్రం వేరుతో సహా తీసింది. పైన మొక్క ఎంత పొట్టిగా ఉందో వేరు అంత పొడుగ్గా, బిరుసైన దారంలా ఉంది. గోటితో బెరడు గీరితే లోపల నారింజ పసుపు. నా బొటనవేలి మీద ఆ మరక సాయంత్రం దాకా పోలేదు. పటిక తగిలితే గాని ఇది ఎరుపెక్కదని, గుడ్డను ముందుగా కరక్కాయ, గేదెపాలలో తడపడం దాకా వరస తప్పకూడదని ఆమె వివరించింది. చిత్రం తీసి చూస్తే వేరును అక్కడ కాగితం అడుగు దాకా పొడుగ్గా గీసి, కొసల్లో మాత్రం కొంచెం రంగు వేశారు. రంగుల కోసం పెంచే మొక్కను రంగు దిద్దిన చేతికి వేరు విలువ ఎక్కడుందో తెలుసు.

పొద్దు వాలే ముందు యానాం దారిలో ఇంజరం దాటాము. సన్నబట్టలకు పేరుపడిన కంపెనీ స్థావరం ఇక్కడ ఉండేది. 1787 మే నెల తుపానులో ఈ తీరమంతా సముద్రం ఎక్కివచ్చినప్పుడు రాక్స్‌బరో అప్పటిదాకా పోగు చేసుకున్న పుస్తకాలు, కాగితాలు, ఎండు మొక్కలు ఇంజరంలో నీటిపాలయ్యాయి. అతను తిరిగి మొదటి నుంచి మొదలుపెట్టాడు. నిన్నటి దాకా ఐదు తడిసిన కాగితాల గురించి బాధపడుతున్న నాకు ఆ సాయంత్రం కొంచెం సిగ్గనిపించింది.

ఐదో రోజు, రైల్లో

రాజమండ్రి వచ్చి కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పుస్తకం పేరులోని కోరమండలే రైలు పేరులోనూ ఉండడం, అది నన్ను రాక్స్‌బరో వెళ్ళిన కలకత్తాకే తీసుకువెళ్ళడం చూసి తోటి ప్రయాణికులకు చెప్పాలనిపించింది గాని, అందరూ ఫోన్లలో ఉన్నారు. పడుకున్నాను.

ఆరో రోజు, శివ్‌పూర్

రైలు షాలిమార్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి శివ్‌పూర్ వృక్షోద్యానం దగ్గరే. కర్నల్ రాబర్ట్ కిడ్ 1787లో హుగ్లీ ఒడ్డున వేసిన తోట ఇది. ఆయన 1793లో చనిపోతే కంపెనీ సామర్లకోట నుంచి రాక్స్‌బరోను పిలిపించింది. నదివైపు అతను కట్టించుకున్న ఇల్లు ఇంకా నిలబడి ఉంది. జనమంతా చూడడానికి వచ్చే మహావటవృక్షం మొదలును తెగులు వల్ల 1925లో తీసేశారు. ఊడలే ఇప్పుడు చెట్టు.

ఈ తోటలో రాక్స్‌బరో బొమ్మలు గీయించడం ఇంకా పెంచాడు. అన్నీ కలిపి రెండున్నర వేలకు పైగా అయ్యాయి. మూల ప్రతులు ఈ తోటలో ఎండు మొక్కలను భద్రపరిచే జాతీయ హెర్బేరియంలో, మరొక ప్రతుల కట్ట లండన్ దగ్గర క్యూ తోటలో ఉన్నాయి. 1813లో అతను ఆరోగ్యం చెడి దేశం విడిచాడు, 1815లో ఎడిన్‌బరోలో చనిపోయాడు. మొక్కల జాబితాను 1814లోనూ, అతని వృక్ష గ్రంథాన్ని ఆ తర్వాతా శ్రీరాంపూర్‌లో మిషనరీ విలియం కేరీ అచ్చు వేయించాడు. సాయంత్రం దాకా తోటలో తిరిగాను. ఒక చోట ఇప్పచెట్టు కనిపిస్తే ఊరివాడిని చూసినట్టైంది.

ఏడో రోజు, కోల్‌కతా

మిత్రుడొకరు ముందుగా అనుమతి తీసుకుని ఉంచడంతో ఒక పాత గ్రంథాలయంలో రాక్స్‌బరో మొదటి సంపుటం అసలు ప్రతిని రెండు గంటలపాటు చూడగలిగాను. ఇద్దరు మనుషులు పట్టుకుని బల్ల మీద పెట్టారు. దాదాపు రెండడుగుల ఎత్తున్న పుస్తకం అది. లండన్‌కు రాక్స్‌బరో పంపిన ఐదు వందల చిత్రాల్లో వృక్షశాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్ మూడు వందలు ఏరి, 1795 నుంచి పాతికేళ్ళ వ్యవధిలో మూడు సంపుటాలుగా వేయించాడు.

కాగితం అంచుల్లో అచ్చురేకు అదిమిన గుంట వేలికి తెలుస్తుంది. రాగిరేకు మీద చెక్కి నలుపులో అచ్చు వేసి, ఒక్కొక్క ప్రతికీ రంగు చేత్తో పూశారు. అందువల్లనే 21వ చిత్రంలో మోదుగ రేకు అంచు దగ్గర ఒకచోట నారింజ రంగు గీత దాటి వెంట్రుకవాసి బయటకు వచ్చింది. నేను జిరాక్సులో వేయించుకున్న కాగితంలో ఆ తప్పు లేదు, ఎందుకంటే అది వేరే ప్రతి. ఈ పూవును పూసిన మనిషి కుంచె ఆ చోట ఒక క్షణం జారింది.

బొమ్మ అడుగున సన్నని అక్షరాల్లో చెక్కినవాడి పేరు మెకెంజీ అని ఉంది. గీసినవాడి పేరు ఉండవలసిన ఎడమ మూల ఖాళీ. ఇప్ప తిప్పి చూశాను, చిరివేరు తిప్పి చూశాను, సోమిద తిప్పి చూశాను. అన్నిటికీ మెకెంజీయే ఉన్నాడు. పక్కపేజీలో తెలింగాల పేరు మాత్రం ప్రతిచోటా ఉంది.

నేను ఒక్కొక్క పేరూ పెదవుల మీద పలుకుతూ పోతుంటే, పేజీలు తిప్పడానికి పక్కన నిలబడిన గ్రంథాలయం పెద్దాయన వంగి మోదుగ పూవును చూసి "పలాశ్" అన్నాడు. మా వైపు మోదుగ అంటారని చెప్పాను. ఆయన రెండుసార్లు అని చూసుకుని, తెల్లని చేతితొడుగులు సర్దుకుని, గడియారం వంక ఒకసారి చూసి, ఇంకా పావుగంట ఉందని చెప్పి, 46వ చిత్రం దాకా పేజీలు తిప్పాడు. అది తునికి. ఆకు ఈనెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.